ఒక్క నిమిషం ఊపిరి చూడండి

(ఆయాసం గురించి ఒక ఊపిరితిత్తుల డాక్టరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడనివాళ్ళు చేయెత్తండి. అసలు వినపడనివాళ్ళు చేయెలా ఎత్తుతారండీ అంటున్నారు ఇక్కడ ముందు వరసలో పెద్దాయన. నిజమే, నాకు తట్టలేదు.

సరే, మొదలుపెట్టేముందు ఒక చిన్న పని చేద్దాం. మీ పక్కన కూర్చున్నవాళ్ళు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి. ఛాతీ అయినా చూడండి, పొట్ట అయినా చూడండి, లేచి దిగితే ఒకటి. ఊ, కానివ్వండి... చూశారా, అప్పుడే అందరూ సర్దుకుని నిటారుగా కూర్చున్నారు! ఆ మూల బాబు అయితే ఊపిరి బిగబట్టేశాడు. ఈ లెక్క ఇక పనికిరాదు. ఎవరో చూస్తున్నారని తెలియగానే ఊపిరి మారిపోతుంది. గుండెని కాస్త నెమ్మదిగా కొట్టుకో అంటే మన మాట వినదు, ఊపిరి వింటుంది. దాని మానాన అది నడుస్తుంది, కావాలంటే మన చేతికీ వస్తుంది. అందుకే పాతకాలం డాక్టర్లు ఒక దొంగ పని చేసేవాళ్ళు, మేమూ చేస్తాం. రోగి మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఛాతీ వంక చూసి ఊపిరి లెక్కపెడతాం. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ వాళ్ళ మీద ఇలాగే ప్రయత్నించండి, చెప్పకుండా. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకండి. పూర్తి నిమిషం చూడండి. పూర్తి నిమిషం అని మళ్ళీ ఎందుకు అంటున్నానంటే, ఎవరూ చూడరు కాబట్టి.

పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి. నిమిషానికి 14 అనుకుంటే రోజుకి 20 వేలు దాటుతుంది. 20 వేల సార్లు చేసే పని, ఒక్కసారైనా గుర్తుంటుందా మనకి? ఉండదు, ఉండకూడదు కూడా. ఊపిరి తీస్తున్నానన్న సంగతి మనిషికి పదేపదే గుర్తొస్తోందంటే, అదే ఆయాసం. నా దగ్గర ఇంతకంటే మంచి నిర్వచనం లేదు.

ఇక్కడొక తేడా గమనించండి. ఆయాసం అనేది రోగికి అనిపించేది. ఎగఊపిరి మనకి కనిపించేది. ఈ రెండూ ఒకటే అనుకుంటాం, ఒకటి కాదు, ఒక్కోసారి ఒకదానితో ఒకటి కలవనే కలవవు. కోవిడ్ రోజులు, 2020, 2021 గుర్తు తెచ్చుకోండి. వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ 80 శాతానికి పడిపోయి కనిపిస్తుంటే మంచం మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతూ, నాకేం కాలేదు డాక్టర్, ఇంటికి పంపించండి అన్నవాళ్ళని చూశాం. ఇంకోవైపు టెన్షన్ పట్టుకున్న మనిషి, ఆక్సిజన్ 99 ఉంటుంది, ఊపిరి ఆడటం లేదు చచ్చిపోతున్నాను అంటాడు. ఇద్దరిలో అబద్ధం ఎవరు చెబుతున్నారు? ఎవరూ చెప్పడం లేదు.

ఎందుకిలా అంటే, మన మెదడు ఊపిరి విషయంలో ఎక్కువగా చూసుకునేది ఆక్సిజన్‌ని కాదు, బొగ్గుపులుసు వాయువుని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ని. నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఉండలేను అని తన్నుకొచ్చేస్తుంది చూడండి, అప్పటికి ఒంట్లో ఆక్సిజన్ అయిపోలేదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. ఆక్సిజన్‌ని కనిపెట్టే కాపలా కూడా ఉంది, మెడలో రక్తనాళం చీలే చోట గింజంత కణుపులు ఉంటాయి. వాటి పని కనుక్కున్నందుకు కార్నీల్ హేమన్స్ అనే ఆయనకి 1938 నోబెల్ ఇచ్చారు. కానీ ఆ కాపలావాడు ఆక్సిజన్ బాగా పడిపోతే గానీ గట్టిగా అరవడు. కోవిడ్ మొదటి రోజుల్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి బాగానే పోయేది, ఆక్సిజనే లోపలికి ఎక్కేది కాదు. అందుకే చాలామందికి లోపల గంట మోగలేదు.

కాబట్టి రోగి చెప్పేది వినాలి, దాంతోపాటు మన కళ్ళతో చూడాలి. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది చాలామటుకు ఆ చూడటం గురించే.

నా తప్పు ఒకటి చెబుతాను. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు. ఎక్కడో ఏ ఆసుపత్రో అడక్కండి. వార్డులో 40 మంది. కేస్ షీట్‌లో జ్వరం రాయాలి, నాడి రాయాలి, బీపీ రాయాలి, ఊపిరి రాయాలి. మొదటి మూడూ చూసి రాసేవాడిని. ఊపిరి దగ్గరికొస్తే అందరికీ 20. నిద్రపోతున్నవాడికి 20, రొప్పుతున్నవాడికి 20. ఇక్కడ నర్సింగ్ చదివే పిల్లలు నవ్వుతున్నారు, అంటే మీరూ అదే రాస్తున్నారన్నమాట. ఏ దేశం ఆసుపత్రి కేస్ షీట్ తీసినా ఈ రోగం కనిపిస్తుంది.

ఒకరోజు రాత్రి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు, 17 ఏళ్ళుంటాయి. ఆయాసం అన్నారు. ఆయాసం అనగానే ఉబ్బసం అనుకుని నెబ్యులైజర్ పెట్టించాను, షీట్‌లో 20 రాశాను, పక్క మంచానికి వెళ్ళిపోయాను. కాసేపటికి రాత్రి డ్యూటీ సిస్టర్ వచ్చి, "డాక్టర్ గారూ, ఆ పిల్ల ఊపిరి లెక్కపెట్టారా?" అంది. నేను నీళ్ళు నమిలాను. "38 ఉంది. పిల్లికూతలు లేవు. ఊపిరి పైపైన కాదు, లోతుగా, పరిగెత్తి వచ్చినట్టు తీస్తోంది. నోటి దగ్గర ఏదో పండు వాసన వస్తోంది. షుగర్ చూద్దామా?" చూస్తే 500 దాటింది. ఆ పిల్లకి షుగర్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయి. ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకుపోయింది, దాన్ని తగ్గించుకోవడానికి ఒళ్ళు కార్బన్ డయాక్సైడ్‌ని ఊదిపారేస్తోంది, అంతే. నేనేమో తాళం వేసి లేని తలుపుకి తాళంచెవి వెతుకుతున్నాను. సెలైన్, ఇన్సులిన్ పెట్టాక రెండో రోజుకి ఊపిరి నెమ్మదించింది, ఆ అమ్మాయి బతికింది. ఆ లోతైన ఊపిరి గురించి కుస్‌మాల్ అనే జర్మన్ డాక్టరు 1874లోనే రాశాడు. మేం దాని పేరు బట్టీపట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. పేరు తెలుసు, ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయాను. ఆ సిస్టర్‌కి పేరు తెలుసో లేదో నేను అడగలేదు. ఆవిడ చూసింది. కిడ్నీలు పాడైనవాళ్ళలోనూ ఇలాంటి ఊపిరే వస్తుంది.

శబ్దం ఎప్పుడు వస్తోంది?

ఇప్పుడు గాలి వెళ్ళే దారి పట్టుకుని వెళదాం. ముక్కు, గొంతు, శ్వాసనాళం, అది రెండుగా చీలి, మళ్ళీ చీలి, చీలి, చివరికి గాలి గదులు. ఆ గదులు 30 కోట్లకి పైనే ఉంటాయి, అన్నిటినీ పరిస్తే పెద్ద గది నేలంత విశాలం. గాలి అక్కడి దాకా వెళ్ళాలి, అక్కడ గోడ అవతల రక్తం సిద్ధంగా ఉండాలి, ఆ రక్తంలో మోసుకెళ్ళే హిమోగ్లోబిన్ ఉండాలి, దాన్ని తోసే గుండె ఉండాలి, ఈ తిత్తిని లాగే కండరాలు ఉండాలి, కండరాలకి ఆజ్ఞ ఇచ్చే నరాలు, మెదడు ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి మొరాయించినా రోగి నోట వచ్చే మాట ఒకటే, "ఆయాసంగా ఉంది". అదీ తంటా.

దారిలో అడ్డం ఎక్కడుందో చెప్పే సులువైన గుర్తు శబ్దం. శబ్దం ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు వస్తోందా, బయటికి వదిలేటప్పుడు వస్తోందా? ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. లోపలికి పీల్చేటప్పుడు గరగరమని, గొంతు పిండినట్టు శబ్దం వస్తుంటే అడ్డం పైన ఉంది, గొంతులో ఉంది. దాన్ని స్ట్రైడర్ అంటాం. వదిలేటప్పుడు సన్నగా ఈలలాగా, పిల్లి కూసినట్టు వస్తుంటే అడ్డం కింద ఉంది, ఛాతీ లోపలి సన్న గొట్టాల్లో. ఎందుకంటే పీల్చినప్పుడు గొంతు దగ్గర ఇరుకైన చోటు ఇంకా లోపలికి నొక్కుకుపోతుంది, మెత్తటి గొట్టంతో గట్టిగా పీల్చితే గొట్టం అతుక్కుపోతుంది కదా, అలాగ. ఛాతీ లోపల దీనికి తిరగబడి ఉంటుంది. పీల్చినప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది, గొట్టాలూ విచ్చుకుంటాయి. వదిలినప్పుడు నొక్కుకుంటాయి. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్ళకి అసలు కష్టం వదలడంలో. "గాలి అందడం లేదు" అంటారు గానీ నిజానికి పాత గాలి బయటికి పోవడం లేదు, కొత్తదానికి చోటు లేదు.

స్ట్రైడర్ అప్పటికప్పుడు మొదలైందంటే ఆలోచించడానికి టైము లేదు. మందు వేసుకున్నాకో, తేనెటీగ కుట్టాకో, పడని తిండి తిన్నాకో ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాపు, గొంతు మారిపోయి ఆయాసం వస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ. దానికి మందు తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. దద్దుర్ల మాత్ర వేసి ఎదురుచూడటం కాదు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఉబ్బసం బాగా ముదిరిన మనిషికి కాసేపటికి పిల్లికూతలు ఆగిపోయాయనుకోండి. హమ్మయ్య అనుకుంటాం. మనిషి తేరుకుని హాయిగా మాట్లాడుతుంటే సరే. మనిషి అలాగే నీరసంగా, చెమటలు పట్టి, ఒక్కో మాట విడిగా అంటూ ఉంటే మాత్రం, కూత ఆగింది గాలి కదలడమే ఆగిపోయి. ఈల ఊదాలన్నా గాలి కావాలి కదా. నిశ్శబ్దంగా ఉన్న ఛాతీకి మేం కూస్తున్న ఛాతీ కంటే ఎక్కువ భయపడతాం.

స్టెతస్కోప్ లేకుండా ఇదంతా ఎలా అని అడుగుతారు. స్టెతస్కోప్ కూడా మొదట కాగితం చుట్టేనండీ. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి ఛాతీ మీద చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితం గొట్టంలా చుట్టి ఒక చివర ఆమె ఛాతీ మీద, ఇంకో చివర తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహమాటం కూడా ఒక్కోసారి పనికొస్తుంది. అయితే ఇంట్లో మీకు అది అక్కర్లేదు. గదిలో టీవీ ఆపేస్తే చాలు, సగం వినపడుతుంది.

పిల్లల సంగతి వేరు, కాస్త నిలిచి చెబుతాను. పసివాళ్ళు ఆయాసంగా ఉందని చెప్పలేరు. కాబట్టి లెక్కే దిక్కు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఆ పైన ఉంటే ఎక్కువ. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే అంకెలు, ఎక్స్‌రే లేని చోట న్యుమోనియాని పట్టుకోవడానికి. బిడ్డ ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు, నిద్రలోనో ఒళ్ళో పడుకుని ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పూర్తి నిమిషం చూడాలి. చొక్కా ఎత్తడం ఎందుకంటే డొక్కలు ఎగరేస్తోందా లేదా చూడాలి కాబట్టి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పైకి రావాల్సింది పోయి పక్కటెముకల కింది భాగం లోపలికి గుంట పడుతుంటే, ఆ బిడ్డ బలమంతా ఊపిరికే పెడుతోంది. ముక్కుపుటాలు అదురుతుంటాయి. ప్రతి ఊపిరికీ తల ఊగుతుంటుంది. వదిలేటప్పుడు చిన్నగా మూలుగుతుంటుంది. ఆ మూలుగు నొప్పి వల్ల అనుకుంటారు, గాలి గదులు ముడుచుకుపోకుండా బిడ్డ గొంతు బిగించి గాలి ఆపుకుంటోంది. పాలు పట్టడం మానేసిందంటే, లేపితే లేవడం లేదంటే, రేపు చూద్దాం అనొద్దు.

బాగా ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి దగ్గి, ఎగఊపిరి పెడితే నోట్లో ఏముందో ఆలోచించండి. పల్లీ గింజ, గుండీ, బొమ్మ ముక్క. గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, అంతకంటే మంచి వైద్యం మీ దగ్గర లేదు. దగ్గలేక, గొంతు పెగలక ఉంటే ముందుకి వంచి భుజం ఎముకల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు, తగ్గకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కడం, మళ్ళీ దెబ్బలు. ఏడాది లోపు బిడ్డకి పొట్ట నొక్కకూడదు, తల కిందికి ఉంచి వీపు మీద ఐదు, తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. నోట్లో కనపడని వస్తువు కోసం వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఒక్కోసారి ఆ దగ్గు ఆగిపోతుంది, గింజ ఒక వైపు గొట్టంలో కూర్చుంటుంది, నెలల తరబడి "ఒకే వైపు న్యుమోనియా" అని తిరుగుతుంటారు. దగ్గు మొదలైన రోజు ఏం జరిగిందో గుర్తుచేసుకుని డాక్టరుకి చెప్పండి.

పడుకుంటే ఏమవుతోంది?

పెద్దవాళ్ళలో నేను అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు? నవ్వొచ్చే ప్రశ్నే. గుండె బలహీనపడ్డవాళ్ళు వెల్లకిలా పడుకుంటే కాళ్ళలో, పొట్టలో ఉన్న రక్తం ఛాతీకి చేరుతుంది. దాన్ని తోసే శక్తి గుండెకి లేదు. నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. అందుకని మనిషి తెలియకుండానే ఒక దిండు రెండు చేస్తాడు, రెండు మూడు చేస్తాడు, చివరికి కుర్చీలో నిద్రపోతాడు. "నాన్నకి కుర్చీలోనే నిద్ర పడుతుందండీ, అలవాటు" అంటారు ఇంట్లోవాళ్ళు. ఎప్పటినుంచి అలవాటు? మూడు నెలల నుంచి. అది అలవాటెలా అవుతుందండీ!

ఇంకొకటి, పడుకున్న గంటకో రెండు గంటలకో ఉలిక్కిపడి లేచి, కిటికీ దగ్గరికి పరిగెత్తి గాలి పీల్చుకోవడం. కూర్చుంటే పావుగంటకో అరగంటకో తగ్గుతుంది. కాళ్ళు వాచి ఉంటాయి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఉబ్బసం కూడా రాత్రుళ్ళే లేపుతుంది, కానీ ఎక్కువగా తెల్లవారుజామున, దగ్గుతో, పిల్లికూతలతో. ఇంత శుభ్రంగా తేడా చెప్పేస్తున్నాను గానీ, గుండె వల్ల నీరు చేరినప్పుడూ పిల్లికూతలు వస్తాయి. 60 ఏళ్ళ మనిషికి జీవితంలో మొదటిసారి "ఉబ్బసం" వచ్చిందంటే నేను ముందు గుండె వంక చూస్తాను. షుగర్ ఉన్నవాళ్ళకి, పెద్ద వయసువాళ్ళకి, ఆడవాళ్ళకి గుండెపోటు నొప్పి లేకుండా ఉత్త ఆయాసంగా రావచ్చు. నొప్పి లేదు కాబట్టి గుండె కాదు అనే మాట దయచేసి మర్చిపోండి.

ఎంత త్వరగా వచ్చింది అన్నది కూడా అడగాలి. నిమిషాల్లో వచ్చిందా? అయితే గొంతులో ఏదో అడ్డం పడటం, అనాఫిలాక్సిస్, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవడం, లేకపోతే రక్తం గడ్డ. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం సన్నగా పొడుగ్గా ఉండే కుర్రవాళ్ళలో ఉన్నట్టుండి జరుగుతుంది, ఒక పక్క పొడిచినట్టు నొప్పి, ఆ వెంటనే ఆయాసం. రక్తం గడ్డ అంటే, ఆపరేషన్ తర్వాతో, కాన్పు తర్వాతో, కాలు విరిగి మంచాన పడ్డాకో పిక్కలో గడ్డ కట్టి అది పైకి కొట్టుకొచ్చి ఊపిరితిత్తి రక్తనాళానికి అడ్డం పడటం. ఒక కాలే వాచి ఉంటుంది, రెండోది మామూలుగా ఉంటుంది. స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తాయి, ఎక్స్‌రే కూడా చాలాసార్లు బాగానే ఉంటుంది. ఛాతీ బాగుంది, మనిషి బాగాలేడు. ఆ పొంతన కుదరకపోవడమే గుర్తు.

రోజుల్లో వచ్చిందంటే, జ్వరంతో దగ్గుతో, న్యుమోనియా. వారాల్లో అయితే టీబీ, ఊపిరితిత్తి చుట్టూ నీరు, రక్తహీనత. నెలలు, ఏళ్ళు పట్టిందంటే పొగ. బీడీ, సిగరెట్ పొగే కాదు, గాలాడని వంటింట్లో కట్టెల పొయ్యి ముందు 30 ఏళ్ళు ఊదినవాళ్ళ ఊపిరితిత్తులు కూడా అలాగే పాడవుతాయి. వీళ్ళు ఆయాసం అని రారు, ఎందుకంటే ఆయాసం రాకుండా బతుకుని కుదించుకుంటారు. మెట్లు ఎక్కడం మానేస్తారు, నడక మానేస్తారు, తర్వాత గది దాటడం మానేస్తారు. "ఆయాసం ఉందా?" అంటే "లేదండీ" అంటారు. అందుకని అలా అడక్కూడదు. "మీ ఈడువాళ్ళతో సమానంగా నడవగలుగుతున్నారా? పోయినేడు చేసిన పని ఏది ఇప్పుడు మానేశారు?" అని అడగండి.

రక్తం గురించి ఒక్క ముక్క. ఆక్సిజన్ తగ్గితే పెదాలు నీలంగా మారతాయని అందరికీ తెలుసు. కానీ నీలం కనపడాలంటే డెసీలీటరు, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 5 గ్రాముల హిమోగ్లోబిన్ ఆక్సిజన్ లేకుండా ఉండాలి. బాగా రక్తం తక్కువగా ఉన్న మనిషికి అసలు హిమోగ్లోబినే ఆరో ఏడో ఉంటే ఇంకేం నీలమవుతుంది? అలాంటివాళ్ళలో నీలం రాలేదు కదా అని ధైర్యంగా ఉండొద్దు.

ఇప్పటిదాకా కష్టపడి ఊపిరి తీసేవాళ్ళ గురించి చెప్పాను. ఇంకో రకం ఉంది, చూడటానికి ఏ కష్టమూ కనపడదు. కట్లపాము కాటు, గిలియన్ బారే, మయస్తీనియా అనే నరాల జబ్బులు, వీటిలో కండరాలే చచ్చుబడతాయి. డొక్కలు ఎగరవు, ముక్కు అదరదు, ఎగరడానికి బలం లేదు కాబట్టి. కనురెప్పలు వాలిపోతాయి, గొంతు ముక్కుతో మాట్లాడినట్టవుతుంది, ఉమ్మి మింగలేరు. ఇలాంటివాళ్ళని నిండా గాలి పీల్చుకుని ఒకే ఊపిరిలో గబగబా ఒకటి, రెండు అని లెక్కపెట్టమనండి. మామూలు మనిషి 30 సులువుగా దాటతాడు. 15 దగ్గర ఆగిపోతున్నాడంటే, గంట క్రితం 25 దాకా వెళ్ళినవాడు ఇప్పుడు 12 అంటున్నాడంటే, ఆక్సిమీటరు ఎంత చూపిస్తున్నా సరే, వెంటిలేటర్ ఉన్న చోటికి వెళ్ళాలి.

ఆక్సిమీటరు మీద నాకేం కోపం లేదు. 1974లో జపాన్‌లో తకువో అయోయాగి అనే ఇంజనీరు ఆ ఆలోచన బయటపెట్టాడు, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు. కానీ వేలు చల్లగా ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా తప్పు చెబుతుంది. చర్మం నలుపు ఎక్కువైన కొద్దీ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే గుణం ఉంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగకి పడిపోయిన మనిషికి 98 చూపిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సిజన్ అనుకుంటుంది. పైగా అది మనిషి ఎంత కష్టపడి ఆ 96 తెచ్చుకుంటున్నాడో చెప్పదు. నిమిషానికి 36 సార్లు ఊపిరి తీస్తూ 96 ఉన్నవాడు, 16 సార్లు తీస్తూ 96 ఉన్నవాడు, ఇద్దరూ ఒకటేనా?

దానికంటే నమ్మకమైన పరికరం మాట. మాట్లాడించండి. ఒక పూర్తి వాక్యం గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే కాస్త నిదానంగా ఆలోచించొచ్చు. మూడు నాలుగు మాటలకోసారి ఆగుతుంటే వెంటనే బయలుదేరాలి. ఒక్కో మాటే వస్తుంటే అంబులెన్స్ పిలవండి. చేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగి కూర్చుని, మెడ నరాలు తేలి, చెమట పడుతున్న మనిషిని "పడుకో, విశ్రాంతి తీసుకో" అని బలవంతంగా పడుకోబెట్టొద్దు. తనకి ఎలా కూర్చుంటే ఊపిరి ఆడుతుందో తనకే తెలుసు. అప్పటిదాకా గింజుకుంటున్న మనిషి నిద్రమత్తుగా అయిపోయి, 40 ఉన్న ఊపిరి 14కి దిగితే తగ్గిందని సంబరపడకండి, అలిసిపోయాడు. ఊపిరి తీసే కండరాలు కూడా అలిసిపోతాయి.

ప్రశ్నలు రెండు మూడు తీసుకుంటాను. ఆ అమ్మ అడుగుతున్నారు, మా అమ్మాయికి పరీక్షల టెన్షన్‌లో ఆయాసం వస్తుంది, కవరులో ఊపిరి తీయమన్నారు, మంచిదేనా? వద్దండీ. భయంలో గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి మూతి చుట్టూ, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి చేతులు కొంకర్లు పోతాయి, అది నిజం. కానీ అది నిజంగా భయమేనని మనం ఇంట్లో తేల్చలేం, ఉబ్బసమో రక్తం గడ్డో అయ్యుంటే కవరు ప్రాణం తీస్తుంది. డాక్టరు ఒకసారి అన్నీ చూసి భయమే అన్నాక, పక్కన కూర్చుని నెమ్మదిగా పొడుగ్గా వదలమని చెప్పండి. "నీకేం లేదు, ఊరికే నటిస్తున్నావు" అని మాత్రం అనకండి. ఆ పిల్లకి ఊపిరి నిజంగానే ఆడటం లేదు అనిపిస్తోంది.

ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే ఎంత పెట్టాలి అంటున్నారు. పొగ వల్ల ఊపిరితిత్తులు చెడిపోయిన సీఓపీడీ వాళ్ళకి ఆక్సిమీటరులో 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలు. పక్కింటాయనకి 99 ఉంది మా నాన్నకి 90 ఏ ఉంది అని పెంచేస్తారు. కొందరిలో కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుపోయి మనిషి మత్తులోకి జారుకుంటాడు. డాక్టరు రాసిన అంకె దాటొద్దు.

ఆఖరిది, వెనక నుంచి బాబు. ఆయాసపడేవాళ్ళకి నీళ్ళు తాగించొచ్చా? మంచి ప్రశ్న, నేను చెప్పడం మర్చిపోయాను. మింగే ప్రతిసారీ ఊపిరి ఒక క్షణం ఆగాలి, నిమిషానికి 40 సార్లు ఊపిరి తీసేవాడికి ఆ క్షణం ఎక్కడిది? నీళ్ళు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బాగా ఎగపోస్తున్నప్పుడు గ్లాసు నోటికి ఆనించొద్దు, నోరు ఎండిపోతే తడి గుడ్డతో పెదాలు తడపండి. ఇంకా చేతులు లేస్తున్నాయి గానీ హాలు ఖాళీ చేయమంటున్నారు, రండి, బయట మెట్ల దగ్గర మాట్లాడుకుందాం.